గమ్ము బకెట్టుతో పాటు ఒక తెలుగు కాగితం కూడా ఇవ్వండి

విజయవాడలో ఫ్లోరింగ్ సామాను అమ్మే దుకాణదారులకు, ఆ పనులు ఒప్పుకునే కాంట్రాక్టర్లకు,

నమస్కారమండీ. నేను ఇంటీరియర్ పనులు చూసుకునే సైట్ సూపర్‌వైజర్‌ని. క్లినిక్కులు, జిమ్ములు, చిన్న ఆఫీసులు, బట్టల షోరూములు, బెంజ్ సర్కిల్ నుంచి గొల్లపూడి దాకా ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్తాను. వినైల్ షీట్లు, కార్పెట్ టైల్సు వేయించడం నా రోజువారీ పని. మీలో చాలామంది దగ్గర సరుకు కొన్నాను, ఒకరిద్దరి దగ్గర ఖాతా ఇంకా నడుస్తోంది, కాబట్టి ఇది గొడవ పెట్టుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదు. కౌంటర్ దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగితే "చూద్దాం లెండి" అంటున్నారు, అందుకని పదిమందికీ కనిపించేలా అడుగుతున్నా.

అడిగేది చిన్నదే. ఈ షీట్లని నేలకి అతికించే వాటర్ బేస్డ్ గమ్ము బకెట్టు అమ్మినప్పుడు దాంట్లో ఏముంది, చేతికి అంటితే ఏం చేయాలి, కంట్లో పడితే ఏం చేయాలి, మిగిలింది ఎక్కడ పారేయాలి అని తెలుగులో రాసిన ఒక్క కాగితం దాంతో పాటు ఇవ్వండి. వెనకవైపు హిందీలో కూడా ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఇవాళ మన సైట్లలో పళ్ల తాపీ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని గమ్ము లాగేది సగం మంది బీహార్ నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కుర్రాళ్లే.

దీనికి మీ దగ్గర ఎప్పుడూ రెడీగా ఉండే సమాధానం నాకు తెలుసు. "ఇది నీళ్లతో చేసిన గమ్మే కదండీ, వాసన లేదు, నిప్పు అంటుకోదు, దీనికి కాగితాలెందుకు?" అందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేనూ ఒప్పుకుంటాను. థిన్నర్ లాంటి ద్రావకంలో కరిగించిన రబ్బరు సొల్యూషన్‌తో పోలిస్తే ఇది చాలా నయం. ఆ సొల్యూషన్లలో టొలీన్ లాంటివి ఉంటాయి. టొలీన్ 4 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది, అంటే మన ఊళ్లో డిసెంబరు తెల్లవారుజామున కూడా అది ప్రమాదమే. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతూ పక్క గదిలోకి వెళ్లి అక్కడెవడో బీడీ వెలిగిస్తే అంటుకుంటుంది. నీళ్ల గమ్ముతో ఆ భయం లేదు. అందుకే నేనూ అదే అడిగి తీసుకుంటాను. నిప్పు అంటుకోదు అన్నంత మాత్రాన ఒంటికి పడుతుందని అనుకోవడం దగ్గరే వస్తోంది తంటా.

అందులో ఏముంటుందో చూద్దాం. నీళ్లు సగం దాకా ఉండొచ్చు, మిగతాది అక్రిలిక్కో, ఎస్‌బీఆర్ అనే సింథటిక్ రబ్బరు లేటెక్సో, దానికి జిగురు పెంచడానికి కొన్నిట్లో రోజిన్ అనే పైన్ చెట్ల బంక, చిక్కదనం కోసం సుద్దపొడి, లేటెక్స్ రకాల్లో కొంచెం అమోనియా. నీళ్లున్న ఏ సరుకైనా నిలవుంటే కుళ్లుతుంది కాబట్టి కుళ్లకుండా ఒక మందు కలుపుతారు. ఈ మందుల్లో బాగా వాడేవి ఐసోథయాజోలినోన్లు. పేరు నోరు తిరగదు, కలిపేది కూడా చిటికెడే, కానీ చర్మానికి ఎలర్జీ తెచ్చేవాటిలో ఇవి పేరుమోసినవి. వీటిలో మిథైల్ ఐసోథయాజోలినోన్ అనేదాన్ని అమెరికా చర్మ వైద్యుల సంఘం ఒకటి 2013కి 'ఆ ఏటి ఎలర్జీ కారకం'గా ప్రకటించింది. యూరప్‌లో ఒంటికి రాసుకుని కడగకుండా వదిలేసే క్రీముల్లో 2017 నుంచి దీన్ని వాడనివ్వడం లేదు. పది లక్షల భాగాల్లో 15 భాగాలు ఉన్నా సరే, ఆ సరుకు చర్మానికి ఎలర్జీ తెస్తుందని డబ్బా మీద రాయాలన్నది అక్కడి రూలు. మన దగ్గర అదే సరుకు కుర్రాడి మోచేతి దాకా పూసుకుని ఉంటుంది.

మా దగ్గర చేసే ఒక అబ్బాయి సంగతి చెప్తాను. వేళ్ల మధ్య సందుల్లో మొదట చిన్న చిన్న పొక్కులు, తర్వాత చర్మం ఎర్రబడి, ఎండిపోయి, గీతలు గీతలుగా పగిలింది. రాత్రిళ్లు దురదకి నిద్ర ఉండేది కాదట. "వేడి చేసిందన్నా" అని సబ్జా నీళ్లు తాగుతూ, మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొనుక్కుని రాస్తూ నెలలు నెట్టుకొచ్చాడు. అన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుంటే మంట తట్టుకోలేక స్పూనుతో తినడం చూసి అప్పుడు నేను చెయ్యి చూపించమన్నా. పైగా సాయంత్రం చేతికి ఎండిపోయిన గమ్ము పోవడానికి వాడు చేస్తున్న పనేమిటంటే, థిన్నర్‌లో గుడ్డ ముంచి రుద్దుకోవడం. నీళ్ల గమ్ము వాడి ఆదా చేసిన ఒళ్లంతా సాయంత్రం థిన్నర్‌కి అప్పజెప్తున్నాడన్నమాట. థిన్నర్ చర్మం మీద ఉండే సహజమైన నూనెని లాగేస్తుంది, ఆ పగుళ్లలోంచి మర్నాడు గమ్ములోని మందు ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది.

చర్మ డాక్టరుగారు వీపు మీద వరసగా చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులు స్నానం వద్దని, తీశాక ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి చూశారు. ప్యాచ్ టెస్ట్ అంటారు. తేలింది అదే మందు. ఇక్కడ అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఈ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం వదలదు. గమ్ము మానేసినా, గోడలకు వేసే ఎమల్షన్ పెయింటులోనూ, కొన్ని లిక్విడ్ సోపుల్లోనూ, షాంపూల్లోనూ అదే మందు ఉంటుంది. కొత్తగా పెయింటు వేసిన గదిలోకి వెళ్తేనే మొహం ఉబ్బేవాళ్లు ఉన్నారు. అంటే పాతికేళ్లు కూడా నిండని కుర్రాడికి అటు ఫ్లోరింగూ పోయింది, ఇటు పెయింటింగూ పోయింది. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ వాళ్ల దగ్గర చేరాడు.

వాడికి మొదటిరోజే ఒక జత నైట్రైల్ (సింథటిక్ రబ్బరు) గ్లవ్సు ఇచ్చి ఉంటే సరిపోయేది. ఇచ్చారు లెండి, గ్లవ్సు ఇచ్చారు, కాకపోతే ఆ తెల్లటి నూలు గ్లవ్సు. నూలు గమ్ముని పీల్చుకుని గంటల తరబడి చర్మానికి అదిమి పట్టి ఉంచుతుంది, దానికన్నా ఉత్త చేతులు నయం. మే నెలలో ఎండ 45 దాకా పోయే మన ఊళ్లో రబ్బరు గ్లవ్సులో చెయ్యి చెమటకి నానిపోతుంది, నిజమే, దానికి లోపల పల్చటి నూలువి, పైన నైట్రైలువి వేసుకుని, తడిసినప్పుడల్లా లోపలివి మార్చుకుంటే చాలు. చేతికి అంటితే ఎండకముందే సబ్బు, నీళ్లు. ఎండిపోతే కొంచెం కొబ్బరినూనె రాసి నానబెట్టి, మెల్లగా ఊడదీసి, మళ్లీ సబ్బుతో కడుక్కోవాలి. కంట్లో చిందితే కనీసం 15 నిమిషాలు రెప్పలు విప్పి పట్టుకుని మంచినీళ్లు ధారగా పోసి, కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, నలపకూడదు. పొరపాటున ఎవరైనా మింగితే బలవంతంగా వాంతి చేయించకూడదు, నోరు పుక్కిలించి, డబ్బా మీద లేబులు ఫోటో తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. మీరివ్వాల్సిన కాగితంలో ఉండాల్సింది ఈ మాత్రమే. ఇదేమీ రాకెట్ సైన్సు కాదు కదా.

ఇక దుకాణదారులతో విడిగా ఒక మాట. పోయిన వేసవిలో ఒక క్లినిక్ పనికి వాటర్ బేస్డ్ గమ్ము ఆర్డర్ పెట్టాం. వచ్చిన బకెట్లలో ఒకటి సొల్యూషన్ రకం. స్టాకు లేక "రెండూ ఒకటే, ఇదింకా గట్టిగా పట్టుకుంటుంది" అని పంపించారట. దుమ్ము పడకుండా కిటికీలన్నీ మూసి పని చేస్తున్నారు. లోపల మూత తీసినవాడికి అర్ధగంటలో తల తిరిగి, వాంతి వచ్చినట్టయి, బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. అదృష్టం బాగుండి అప్పుడు లోపల ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు, గ్రైండరు తిప్పలేదు. ఆ దుకాణం పేరు చెప్పను, ఎందుకంటే ఈ పని ఒక్కరే చేసేది కాదు. నీళ్ల గమ్ముకి అలవాటుపడ్డ కుర్రాళ్లు ఆ ధీమాతోనే సిగరెట్ నోట్లో పెట్టుకుని మూత తీస్తారు, మీరు బకెట్టు మార్చినప్పుడు వాళ్ల అలవాటు మారదు కదా. రకం మారితే ముందు ఫోన్ చేసి చెప్పండి. మాకు వద్దంటే వద్దు. రెండు రకాలూ గొడౌన్‌లో ఒకే వరసలో పేర్చకండి, సొల్యూషన్ బకెట్లకి ఎర్ర టేపు ఒకటి చుట్టండి, చాలు.

ఇంకోటి కూడా ఉంది. నీళ్ల గమ్ముల్లోనే ఇప్పుడు రెండు డబ్బాల రకం వస్తోంది, పెద్ద బకెట్టుకి తోడు చిన్న సీసాలో హార్డనర్, అంటే గమ్ముని గట్టిపరిచే మందు. కొన్నిట్లో ఆ హార్డనర్ ఐసోసయనేట్ అనే రసాయనం. అది చర్మంతో ఆగదు, ఊపిరితిత్తులకు పట్టి ఆస్తమా తెస్తుంది. సీసా చిన్నది కదా అని మూత నోటితో లాగే మహానుభావుల్ని కూడా చూశాను నేను.

గొడౌన్ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి. చాలా డబ్బాల మీద 35 డిగ్రీలు దాటకుండా నీడలో ఉంచమని ఉంటుంది. మీ రేకుల షెడ్డులో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎంత ఉంటుందో మీకే తెలుసు. వేడికి పైన మీగడ కట్టి చిక్కబడిన గమ్ముని సైట్లో నీళ్లు పోసి పల్చన చేస్తారు, దాంతో కుళ్లకుండా కలిపిన మందు కూడా పల్చబడుతుంది, నాలుగు రోజులకి మూత తీస్తే మురుగు కంపు. ఆ కంపు గమ్ము లక్షణం కాదు, బాక్టీరియా పట్టిందని అర్థం. దాన్నే పూసి షీటు వేసేసి, పార్టీకి ఇల్లు అప్పజెప్పి వచ్చేస్తున్నారు.

కాంట్రాక్టర్లకి చెప్పాల్సింది ఇంకొంచెం ఎక్కువే ఉంది, ఏమీ అనుకోకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ తర్వాత అక్కడ గ్రౌండ్ ఫ్లోర్లలో పాడైన గచ్చు మీద చవగ్గా, తొందరగా అయిపోతుందని వినైల్ షీట్లు వేయించుకున్నవాళ్లున్నారు. పైకి పొడిగా కనపడిన గచ్చు లోపల తడిగానే ఉంటుంది. కొత్తగా పోసిన కాంక్రీటు కూడా అంతే, అంగుళం మందం ఆరడానికి సుమారు నెల అని పాత లెక్క ఒకటుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. తడి గచ్చు మీద గమ్ము పట్టదు, షీటు బుడగలు తేలుతుంది, అది అందరికీ తెలిసిన నష్టమే. తెలియనిది ఇంకొకటి. సిమెంటు తడి చాలా ఘాటు క్షారం, పీహెచ్ 12 పైన ఉంటుంది. అది అక్రిలిక్ గమ్మునీ, షీటుని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్‌నీ మెల్లమెల్లగా విరగ్గొట్టి 2-ఇథైల్ హెక్సనాల్ అనే ఆల్కహాలుని వదులుతుంది. గది తలుపు తీయగానే ఒక రకమైన తీపి వాసన, కళ్ల మంట, గొంతు గరగర, పిల్లలకు దగ్గు. స్వీడన్, ఫిన్లాండ్, జపాన్‌లలో దీని మీద చాలా పరిశోధన జరిగింది. మనవాళ్లు మాత్రం ఆ వాసనకి రూమ్ ఫ్రెషనర్ కొడుతున్నారు. గమ్ము ఎంత మంచిదైనా తడి గచ్చు మీద వేస్తే అది ఇంట్లోవాళ్లకి ఏళ్ల తరబడి పెట్టిన పొగే.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద మిషన్లు కూడా అక్కర్లేదు. ఒకటిన్నర అడుగు చదరం పాలిథీన్ కవరు గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూసి, కనీసం 16 గంటలు, కుదిరితే ఒక రోజంతా వదిలేయండి. తీసి చూసినప్పుడు కింద తేమ ఉన్నా, గచ్చు రంగు ముదిరి ఉన్నా పని ఆపాల్సిందే. పొడిగా కనపడితే పూర్తి గ్యారంటీ అని కాదు, పెద్ద పనులకి తేమ కొలిచే మీటరు పెట్టి చూడటమే మంచిది, కానీ తడి ఉందని చెప్పినప్పుడు మాత్రం ఈ కవరు అబద్ధం చెప్పదు. పార్టీ తొందరపెడతాడు, గృహప్రవేశం ముహూర్తం ఉంది అంటాడు. ముహూర్తానికి చాపలు పరుచుకోమనండి.

గచ్చు సాపు చేయడానికి గ్రైండర్ పెడతారు చూడండి, అసలు ఈ మొత్తం పనిలో ప్రాణం మీదికి తెచ్చేది అదే, గమ్ము కాదు. కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనపడని ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటే సిలికోసిస్, అది వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు. మూతికి కర్చీఫ్ కట్టుకుంటే దుమ్ము పోతుందని మనవాళ్ల నమ్మకం. దుమ్ము పీల్చే వ్యాక్యూమ్ తగిలించిన గ్రైండరో, తడిపి రుద్దే మిషనో తెప్పించండి. తడిపితే మళ్లీ ఆరేదాకా ఆగాలి, అది కూడా లెక్కలో వేసుకోండి. వాటితో పాటు ఎన్95 మాస్కు. మాస్కులు కరోనా టైములో ఊరంతా పెట్టుకున్నాం, ఎలా పెట్టుకోవాలో ఇప్పుడు కొత్తగా నేర్పక్కర్లేదు.

గమ్ము ఆరడం లేదని హీట్ గన్ పెట్టే అలవాటు కూడా మానిపించండి. వినైల్ షీట్లలో ఉండే పీవీసీ ప్లాస్టిక్ బాగా కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ముక్కు, గొంతు మండిపోతాయి. తెల్లటి గమ్ము రంగు పోయి కనపడకుండా అయ్యేదాకా కిటికీ తీసి ఆగడమే. ఏసీ వేసి తలుపులు బిగించి ఆరబెట్టడం కూడా వద్దు, అమోనియా, మిగిలిన ఆవిర్లు బయటికి పోయే దారే ఉండదు. ఆరేలోపు ఎవరూ అటు నడవకుండా టేపు కట్టండి, తడి గమ్ము మీద కాలు పెడితే నడుము విరుగుతుంది. మోకాళ్లకి మెత్తలు కూడా ఇవ్వండి. కార్పెట్లు, షీట్లు వేసేవాళ్లకి మోకాళ్లు ముందే అరిగిపోతాయి, నలభై ఏళ్లకే కింద కూర్చోలేని మేస్త్రుల్ని నేను ఎరుగుదును.

ఇంక మిగిలింది, పారేసేది. సాయంత్రం తాపీలు, రోలర్లు కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తున్నారో ఒకసారి నిలబడి చూడండి. సందు చివర డ్రైనులో. మన డ్రైన్లు ఎటు పోతాయో మనకి తెలియంది కాదు. ఊరి మధ్యలోంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ వెళ్తున్నాయి, ఆ నీళ్లే కింద డెల్టాలో పొలాలకీ, ఊళ్లలో మంచినీళ్ల చెరువులకీ పోతాయి. గమ్ములోని మందు చేపల్లాంటి నీటి జీవులకి విషం, గమ్ము పైపుల్లో ఎండి పొరలు కట్టి అవి పూడిపోతాయి. తాపీని ముందు పాత పేపరుతో శుభ్రంగా తుడిచి ఆ పేపరు ఆరనిచ్చి చెత్తలో వేయండి, తర్వాత కొద్ది నీళ్లతో ఒక పాత బకెట్టులో కడిగి దాన్ని ఎండలో వదిలేయండి, నీరు ఆవిరైపోయి అడుగున రబ్బరు ముక్కలా మిగులుతుంది, అది పొడి చెత్త. ఎండకి మన దగ్గర కొదవేమీ లేదు.

ఖాళీ బకెట్లు, ఇది మాత్రం ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. 20 కేజీల గట్టి బకెట్టు, మూత కూడా ఉంది, ఎవరు పారేస్తారు? వాచ్‌మన్ అడిగి తీసుకుంటాడు, పనమ్మాయి తీసుకుంటుంది. బాత్రూములో పెట్టుకుంటే సరే. కానీ రెండు సైట్లు అవతల అదే బకెట్టులో తాగేనీళ్లు పట్టి ఉంచారు, అంచు కింద గాడిలో తెల్లటి గమ్ము చార ఇంకా ఉంది, గ్లాసు ముంచుకుని తాగుతున్నారు. అది తిండికి పనికొచ్చే ప్లాస్టిక్కని ఎవరు చెప్పారు? పక్కన పెద్ద అక్షరాలతో 'తాగేనీళ్లకి వాడొద్దు' అని ఒక స్టిక్కరు అంటించి పంపడానికి మీకు రూపాయి కూడా అవదు. లేదంటే ఖాళీవి మీరే వెనక్కి తీసుకోండి, తలా పదో ఇరవయ్యో ఇస్తే కుర్రాళ్లే పరిగెత్తుకుంటూ తెచ్చిస్తారు.

కార్మిక శాఖవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకీ ఒక ముక్క. 1996 నాటి చట్టంతో మొదలైన పద్ధతిలో నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్ వసూలు చేస్తారు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు దాంతోనే నడుస్తుంది. ఏడాదిలో 90 రోజులు పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. తాపీ మేస్త్రులకి ఈ సంగతి తెలుసు, ఫ్లోరింగ్ కుర్రాళ్లకి తెలియదు, వాళ్లని మనం కూడా "షీట్లు వేసేవాళ్లు" అంటామే గానీ నిర్మాణ కార్మికులనుకోం. ఒక ఆదివారం ఆటోనగర్‌లోనో, వన్ టౌన్‌లోనో క్యాంపు పెట్టి పేర్లు రాయించి, చర్మం డాక్టరుని ఒకరిని కూర్చోబెట్టండి, ఎన్ని చేతులు పగిలి ఉన్నాయో మీకే కనపడుతుంది.

కాగితం విషయం మళ్లీ. కంపెనీ దగ్గర సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది, ఇంగ్లీషులో, 16 భాగాలతో. మీ డిస్ట్రిబ్యూటర్‌ని అడిగితే పీడీఎఫ్ పంపిస్తాడు. అంతా అక్కర్లేదు. ప్రమాదాలు చెప్పే 2వ భాగం, ప్రథమ చికిత్స చెప్పే 4వది, గ్లవ్సు, మాస్కుల గురించి చెప్పే 8వది, పారేయడం గురించి చెప్పే 13వది, ఈ నాలుగూ తెలుగులో ఒక పేజీకి వస్తాయి. మీకు రాయించే తీరిక లేకపోతే ఆ షీటు నాకు పంపండి, తెలుగులో నేను రాసిపెడతాను, మా ఆఫీసులో హిందీ వచ్చినవాడు ఉన్నాడు, వెనక పేజీ వాడు చూసుకుంటాడు. డీటీపీ ఖర్చు నాది, జిరాక్సులు మీవి. వచ్చే నెలలో గవర్నర్‌పేటలో ఒక జిమ్ము పని మొదలవుతోంది, దానికి బకెట్లు చాలానే పడతాయి. కాగితం ముందు ఎవరిస్తే ఆర్డరు వాళ్లకే, రేటు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ ఖాతాదారుల్లో ఒకడు,
విజయవాడ